శిక్ష పేరుతో నేర్పిన పని: స్టూవర్టుపురం నుంచి కొత్త చట్టం దాకా

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న హాస్టల్లో ఒకరి పర్సు పోయింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, చూపులన్నీ మా రూమ్ వైపే తిరిగాయి. మేం ముగ్గురం ఎరుకల పిల్లలం. సాయంత్రానికి పర్సు వాళ్ళ బ్యాగులోనే దొరికింది. సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి మేము కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ చూపు ఎక్కడ మొదలైంది?

1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించేలా చేశారు. ఈ చట్టానికి ఒక మనిషి నేరం చేశాడని రుజువు అక్కర్లేదు. కులాన్ని నోటిఫై చేస్తే చాలు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి.

అంతకుముందు మనవాళ్ళకి పని లేదా? ఉంది. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. బుట్టలు, గంపలు, చాపలు అల్లేవాళ్ళు. మన ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం దెబ్బతింది. ముందు బతుకుతెరువు పోయింది, తర్వాత దొంగలన్న ముద్ర పడింది. ఈ వరస మనం గుర్తుపెట్టుకోవాలి.

1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో హోం శాఖ చూసిన హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. పని నేర్పి మనుషుల్ని మార్చడమే ఉద్దేశం అని చెప్పారు. స్టూవర్టుపురంలో వ్యవసాయం చేయించారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పంపారు. సీతానగరంలో రాళ్ళు కొట్టించారు.

నిజం చెప్పాలంటే అంతా చెడే జరిగిందని మేము అనం. మాలో ఒకరి ముత్తాత సంతకం నేర్చుకున్నది సెటిల్‌మెంటు బడిలోనే. కానీ ఒక్కటి అడగాలి. రాళ్ళు కొట్టడం నేర్చుకున్నవాడు తనకు నచ్చిన చోటికి పోయి, తనకు గిట్టిన కూలికి ఆ పని చేసుకోగలిగాడా? లేదు, పాసు ఉండాలి. వదిలి వెళ్ళే హక్కు లేనప్పుడు దాన్ని శిక్షణ అనాలా, కట్టేసి చేయించుకున్న చాకిరీ అనాలా?

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. అయినా దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. తర్వాత హేమలతా లవణం, లవణం గార్లు స్టూవర్టుపురంలో ఏళ్ళ తరబడి తిరిగి, మనవాళ్ళతో మనుషుల్లాగా మాట్లాడి పనిచేశారు. వాళ్ళ చేతిలో రిజిస్టరు లేదు, పాసు లేదు. తేడా అదే అనిపిస్తుంది మాకు.

ఇక ఇప్పటి సంగతి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో సమాజ సేవ కూడా ఒక శిక్షే. మొదటిసారి దొంగతనంలో దోషిగా తేలి, సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, అది తిరిగి ఇచ్చేస్తే జైలు బదులు సమాజ సేవ. ఇది మంచిదే. చిన్న కేసులో జైలుకు పోయి వచ్చిన కుర్రాడికి మళ్ళీ పని ఎవరిస్తారు? కానీ ఆ సేవకి జీతం ఉండదని చట్టమే చెప్తోంది. ఏదైనా పని నేర్పాలన్న మాట ఆ నిర్వచనంలో లేదు. రోడ్డు ఊడ్చి వచ్చాక ఆ కుర్రాడి చేతిలో ఏం మిగులుతుంది? వైరింగో, వెల్డింగో, డ్రైవింగో నేర్పి సర్టిఫికెట్ ఇస్తే రేపు తన కాళ్ళ మీద నిలబడతాడు. ఆ సర్టిఫికెట్ మీద శిక్ష అన్న మాట మాత్రం ఉండకూడదు.

ఇంకో భయం ఉంది. ఎవరికి ఏ పని ఇస్తారు? జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు ఇచ్చింది. విముక్త జాతుల వాళ్ళని పుట్టుకతో అలవాటు నేరస్థులుగా చూడటాన్నీ తప్పుబట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ళకి కూడా ఆ మాట కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, రేపు సమాజ సేవలోనూ చీపురు ఎవరి చేతికి వస్తుందో మనం కాపలా కాయాలి.

మనలో లా చదివేవాళ్ళు ఈ సెక్షన్లు ఒకసారి చూడండి. మిగతావాళ్ళు సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తాతల్ని, అవ్వల్ని సెటిల్‌మెంటు గురించి అడిగి ఫోన్లో రికార్డు చేయండి. రిజిస్టరులో వాళ్ళు రాసింది మిగిలింది, మనవాళ్ళు చెప్పింది మిగల్లేదు. అది మనమే రాసుకోవాలి.