మైకు జనం చేతికి ఎలా వచ్చింది

1966 అక్టోబరులో టి. అమృతరావు గారు విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం కోసం నిరాహార దీక్షకు కూర్చునే నాటికి, ఒక ప్రాంతానికి ఏ పరిశ్రమ రావాలో, ఎక్కడ పెట్టాలో ఆ ప్రాంతం వాళ్ళు చెప్పుకోడానికి చట్టంలో చోటు లేదు. అర్జీ పెట్టుకునే పద్ధతి లేదు, గడువు లేదు, కూర్చుని వినాల్సిన అధికారి లేడు. అందుకే మాట వీధికెక్కింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ విద్యార్థులు కదిలారు, తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నిలిచారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ఉక్కు కర్మాగారం ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది.

ఈ కథ మనకు కంఠోపాఠం. దీని పక్కనే నడిచిన ఇంకో కథను మాత్రం అంతగా చెప్పుకోం. ఆ కర్మాగారం కోసం 64 గ్రామాల వాళ్ళు సుమారు 22 వేల ఎకరాలు వదులుకున్నారు. భూమి తీసుకోడానికి అప్పుడున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. 1923లో దానికి 5-ఎ అనే సెక్షన్ చేర్చారు. నోటిఫికేషన్ వచ్చిన 30 రోజుల్లోగా అభ్యంతరం రాసిస్తే కలెక్టరు వినాలి. వినడం అన్న మాట మన భూముల చట్టంలోకి వచ్చింది అక్కడే. కానీ ఎవరి మాట? ఆ భూమి మీద హక్కో, పరిహారంలో వాటానో ఉన్నవాళ్ళ మాట. అదే పొలంలో కూలి చేసుకునే మనిషికి, ఒడ్డున వల ఆరేసుకునే జాలరికి ఆ 30 రోజులు లెక్కలోకి రావు. అత్యవసరమని సర్కారు 17వ సెక్షన్ ప్రయోగిస్తే పట్టాదారుకూ ఆ అవకాశం పోయేది.

ఉక్కు కోసం ప్రాణాలిచ్చినవాళ్ళూ జనమే, ఉక్కు కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళూ జనమే. మొదటివాళ్ళు సాధించినదాని బరువు రెండోవాళ్ళ మీద పడింది. ఇంటికో ఉద్యోగం అన్న ఆశతో దాచుకున్న ఆర్ కార్డులు (నిర్వాసితుల పునరావాస కార్డులు) పట్టుకుని, ఆ నిర్వాసితుల పిల్లలు ఈనాటికీ ధర్నాలు చేస్తున్నారు. ప్రాంతీయ ప్రణాళికలో జనభాగస్వామ్యం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆ కార్డులనే. ఏ మాట ఇచ్చారో, ఎవరికిచ్చారో, ఎప్పటిలోగా నెరవేర్చాలో అందరి ముందూ రాసుకుని ఉంటే ఆ ధర్నాలకు ఒక ఆధారం ఉండేది.

ఊరి ప్రణాళికను ఊరివాళ్ళకు చూపించాలన్న ఆలోచన అంతకు చాలా ముందే మన ప్రాంతానికి వచ్చింది. ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ పండితుణ్ణి మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలిపించారు. నగర ప్రణాళికల మీద ఆయన కూడబెట్టిన ప్రదర్శన సామగ్రి ఓడలో వస్తుంటే, 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఆ ఓడను ముంచేసింది. ఆయన మళ్ళీ పటాలు కూడగట్టుకుని 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టి చూపించారు. వీధులు కూలగొట్టే ముందు వీధుల్లో నడవండి, గీసిన పటం ముందు ఊరివాళ్ళకు చూపండి అన్నది ఆయన పట్టుదల. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీకి పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం చేసుకుంది. దాని కింద 1978లో పుట్టిన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ (ఉడా) ముసాయిదా ప్రణాళిక ప్రకటించి అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాల్సి ఉండేది. అయితే రంగుల పటంలో తన ఇంటి మీదుగా వెళ్ళే గీతను సర్వే నంబరుతో గుర్తుపట్టగలిగినవాడే అభ్యంతరం రాయగలడు. తతిమ్మావాళ్ళకు రోడ్డు రాళ్ళు పాతేరోజే తెలిసేది.

మైకు మాత్రం పర్యావరణ చట్టం దారిన వచ్చింది. 1984 భోపాల్ విషాదం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. 1992 రియో సదస్సు, పర్యావరణ నిర్ణయాల్లో పౌరుల పాత్ర ఉండాలని ప్రకటించింది. 1994 జనవరి 27న కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ తెచ్చింది కానీ, అందులో జనం ముందు సభ పెట్టడం తప్పనిసరి కాలేదు. 1997 ఏప్రిల్ 10 నాటి సవరణతో అది తప్పనిసరైంది. ప్రజాభిప్రాయ సేకరణ సభ అని ఇవాళ మనం పిలుచుకునేది ఆ రోజు పుట్టింది.

విశాఖ జిల్లాకు 1997ను మించిన ఏడాది లేదంటాను. ఏప్రిల్‌లో ఈ సవరణ. జూలై 11న సుప్రీంకోర్టులో సమత తీర్పు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గిరిజనుల భూముల్లో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని న్యాయమూర్తి కె. రామస్వామి గారి మెజారిటీ తీర్పు చెప్పింది. ప్రైవేటు కంపెనీ ఎంత పెద్దదైనా అది గిరిజనేతర ‘వ్యక్తి’ కిందికే వస్తుందని తేల్చింది. లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతం అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా అంది. అడివిలో ఉన్న మనిషిని అడగకుండా అడివి కింద ఉన్నదాన్ని అమ్ముకోకూడదని మన జిల్లా కేసు దేశానికంతా నేర్పింది. ఆ సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో గ్యాస్ అంటుకుని 60 మంది దాకా చనిపోయారు. ప్రమాదకరమైన నిల్వల పక్కన ఎవరు బతుకుతున్నారు, వాళ్ళకు ఏం చెప్పారు అన్న ప్రశ్న కొండ మీది నుంచి పట్నం నడిబొడ్డుకు వచ్చింది.

1997 నాటి సభలో వేదిక మీద అధికారులతో పాటు స్థానిక సంస్థల ప్రతినిధులు ముగ్గురి దాకా, ఆ ప్రాంతపు పెద్దలు ముగ్గురి దాకా కూర్చునే వీలుండేది. 2006 సెప్టెంబరు 14 నాటి కొత్త నోటిఫికేషన్ వాళ్ళను వేదిక దింపేసింది. అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి మిగిలారు. అది పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఫలానా వాగు వేసవిలో ఎటు పారుతుందో తెలిసిన మనిషి బల్లకు అవతలి వైపు ఉండటం వేరు, ఇవతలి వైపు ఉండటం వేరు. అదే నోటిఫికేషన్ మంచి ఏర్పాట్లూ చేసింది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన వెయ్యాలి, సభ ప్రాజెక్టు చోటులోనో దగ్గర్లోనో పెట్టాలి, మొత్తం వీడియో తియ్యాలి. ఎవరేం అన్నారో రాసి, సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టాలి.

సభ జరిగే తీరు చూసినవాళ్ళకు తెలుసు. పొద్దున్నే షామియానా, అద్దె కుర్చీలు, బారికేడ్లు, కెమెరా. కంపెనీ తరఫున స్లైడ్లు వేస్తారు. ముందు వరసల్లో ఉద్యోగాలొస్తాయని చెప్పేవాళ్ళు ఉంటారు. మైకు వెనక్కి వచ్చేసరికి ఎండ ముదురుతుంది. వేట మానుకుని వచ్చిన మత్స్యకారుడు వ్యర్థజలాల పైపు సముద్రంలో ఎక్కడ కలుపుతారు, ఏ లోతులో కలుపుతారు అని అడుగుతాడు. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో దొరికేది సారాంశమే. ఆయన అడిగినదానికి జవాబు ఆ వందల పేజీల్లో ఉండొచ్చు, లేకపోనూవచ్చు, ఆయనకు తెలిసే దారి లేదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన ఫ్యాక్టరీ అది. తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019లో అఫిడవిట్ ఇచ్చింది. అనుమతి ప్రక్రియే లేనిచోట జనాన్ని పిలిచే మెట్టు ఉండదు. ఏ రసాయనం నిల్వ ఉందో, గాలి ఇటు తిరిగితే ఎటు పరిగెత్తాలో ఆ ఊరివాళ్ళకు చెప్పే సందర్భమే రాలేదు. ఆ నెలల్లోనే ఢిల్లీలో పర్యావరణ నోటిఫికేషన్ కొత్త ముసాయిదా జనాభిప్రాయం కోసం తెరిచి ఉంది. సభకు ముందిచ్చే 30 రోజుల గడువును అది 20కి తగ్గించమంది. దాన్ని దేశభాషలన్నిటిలో ప్రచురించాలని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. లక్షల్లో అభ్యంతరాలు వెళ్ళాయి. ఆ ముసాయిదా తుది రూపం దాల్చలేదు.

అంతకుముందే 2013 భూసేకరణ చట్టం 1894 నాటి చట్టాన్ని తీసేసింది. సామాజిక ప్రభావ అంచనా తెచ్చింది. ప్రైవేటు కంపెనీ కోసమైతే భూయజమానుల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ఒప్పుకోవాలంది. ఆ భూమి మీద కూలి చేసుకుని, కౌలు చేసుకుని బతికే కుటుంబాలను కూడా బాధితుల జాబితాలో చేర్చింది. 64 గ్రామాలప్పుడు ఈ వాక్యం లేదు. ఉడా 2018లో విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ (వి.ఎం.ఆర్.డి.ఎ.) అయింది. 2021 జూలైలో 2041 వరకు వేసిన మాస్టర్ ప్లాన్ ముసాయిదా జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడిగింది.

మైకు పుచ్చుకున్నవాళ్ళు సభ అయిపోయాక పట్టుబట్టాల్సింది ఒకటుంది. సభలో వచ్చిన ముఖ్యమైన పర్యావరణ ఆందోళనలన్నిటికీ కంపెనీ సమాధానం చెప్పి, ముసాయిదా నివేదికను ఆ మేరకు మార్చాకే తుది నివేదిక ఢిల్లీకో, రాష్ట్ర కమిటీకో వెళ్ళాలని 2006 నోటిఫికేషన్‌లో ఉంది. మినిట్స్ చదివేదాకా మధ్యాహ్నం కుర్చీలోనే కూర్చోండి. మీరన్న మాట మీరన్నట్టే రాశారా వినండి, లేకపోతే అక్కడే లేచి చెప్పండి. తర్వాత తుది నివేదిక తెప్పించుకుని, పైపు గురించి అడిగిన ప్రశ్న ఏ పేజీలో ఉందో, దాని ఎదురుగా ఏం రాశారో వెతకండి.