రసాయనాల వల్ల వచ్చే ఉబ్బసం: ముందస్తు మందుల పరీక్ష

పనిచోట పీల్చిన రసాయనం శరీరానికి పడక వచ్చే ఆయాసమే వృత్తి ఉబ్బసం. నూలు అద్దకంలో వాడే రియాక్టివ్ రంగుల పొడి, స్ప్రే పెయింటులోనూ ఫోమ్ తయారీలోనూ ఉండే ఐసోసయనేట్లు దీనికి పేరుపడ్డ కారకాలు. కాబట్టి సాంచాల (మరమగ్గాల) ఊరు సిరిసిల్లకూ, గల్ఫ్‌కు వెళ్లి పెయింటింగ్ పనుల్లో కుదిరే జగిత్యాల, కోరుట్ల వలస కూలీలకూ ఇది పట్టాల్సిన విషయం.

ఈ జబ్బు దొరక్కుండా తిరగడానికి కారణం అది వచ్చే వేళ. రసాయనం తగిలిన కొద్ది నిమిషాలకే కొందరికి ఊపిరి బిగుస్తుంది. చాలామందికి మాత్రం నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, అంటే ఇంటికి చేరాక, దమ్ము మొదలవుతుంది. అప్పుడు నింద చలిగాలి మీదకో తిన్న పెరుగు మీదకో పోతుంది.

మందులను పరీక్షించిన తీరు కూడా ఈ ఆలస్యపు దాడి చుట్టూనే నడిచింది. లండన్‌లో జాక్ పెపిస్ 1970లలో రూపుదిద్దిన పద్ధతిలో, రోగికి అనుమానిత రసాయనాన్ని అతి తక్కువ మోతాదులో పీల్పించి, మొదటి సెకనులో ఎంత గాలి ఊదగలడో గంటగంటకూ కొలుస్తారు. ఇటలీలోని పాదువాలో మాప్, ఫాబ్రి బృందం టొల్యూన్ డైఐసోసయనేట్ పడని 24 మందిపై ఇలాగే నాలుగు మందులను ఉత్తుత్తి మందుతో పోల్చి చూసి, 1987లో ఫలితాలు ప్రకటించింది. వారం పాటు ముందుగా పీల్చిన బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్ ఆలస్యపు దాడిని ఆపింది, శ్వాసనాళాల అతిస్పందననూ పెరగనివ్వలేదు. థియోఫిలిన్ సగం సగంగా పనిచేసింది. క్రోమోలిన్, వెరాపమిల్‌ల వల్ల ఒరిగిందేమీ లేదు.

దీన్నిబట్టి ఇన్‌హేలర్ పీల్చి అదే పనికి పోవచ్చని అనుకోకూడదు. పరీక్షలో రసాయనం తగిలింది కాసేపే, పనిలో రోజూ తగులుతుంది. మందు వాడుతున్నా పని మారనివారిలో జబ్బు ముదరవచ్చు. పీల్పించే పరీక్ష ప్రత్యేక వసతులున్న ఆసుపత్రిలోనే చేయాలి. కూలీ చేతిలో ఉన్న సులువైన మార్గం పీక్ ఫ్లో మీటర్: కొన్ని వారాలు రోజుకు నాలుగుసార్లు ఊది, పనిదినాల అంకెలనూ సెలవు రోజుల అంకెలనూ రాసుకోవాలి. చట్టప్రకారం పరిహారం దక్కే వృత్తి వ్యాధుల్లో వృత్తి ఉబ్బసం ఉంది గనుక, పరిహారం అడిగేటప్పుడూ ఆ కాగితం అక్కరకొస్తుంది.