నిలువ యుంచిన నిప్పు

ఇంటిలో ధాన్యమున్నంత మాత్రమున సంసారి నిశ్చింతుడు కాడు. ఆ ధాన్యము పురుగుపట్టక, తేమ తగులక, అక్కరపడిన దినమున గాదెనుండి తీయుటకు సిద్ధముగా నున్నప్పుడే అది సంపద యనిపించుకొనును. రాకెట్టు యంత్రముల చరిత్రయందును ముఖ్యమైన చిక్కు ఇదియే. ద్రవేంధనమును మండించుట శాస్త్రజ్ఞులు ముందుగనే నేర్చిరి. మండవలసిన దినము వచ్చువరకు దానిని చెడకుండ నిలువ యుంచుటకు మాత్రము పలుదేశముల వారు అనేక సంవత్సరములు శ్రమపడిరి. ఆ విద్య మన హైదరాబాదునకు వచ్చిన వృత్తాంతము తెలుగువారెల్లరు తెలిసికొనదగినది.

రాకెట్టు నడచు సూత్రము దురవగాహము కాదు. దీపావళినాటి తారాజువ్వ మంటను క్రిందికి చిమ్ముచు తాను పైకెగయును. జువ్వలోని మందు ఒకసారి అంటుకొనినచో దానిని మధ్యలో ఆర్పుట ఎవరి తరమును గాదు. ద్రవేంధన యంత్రమునందు రెండు ద్రవములు వేర్వేరు తొట్లలో నుండును. ఒకటి ఇంధనము, రెండవది దానిని మండించుటకు కావలసిన ఆమ్లజనిని సమకూర్చునది. గాలిలేని చోటికి పోవలసియున్నందున ఈ రెండవ ద్రవమును రాకెట్టు తనతోనే మోసికొనిపోవలెను. రెండును ఒక గదిలో కలిసి మండగా, ఆ వేడివాయువు ఇరుకైన గొంతుగుండ వెలువడి రాకెట్టును ముందునకు నెట్టును. కవాటములను మూసినచో మంట ఆగిపోవును.

1926 మార్చి 16వ తేదీన అమెరికాలోని ఆబర్న్ అనుచోట రాబర్ట్ గొడార్డ్ ఆచార్యుడు మొదటి ద్రవేంధన రాకెట్టును ఎగురవేసెను. అది 41 అడుగుల ఎత్తునకు పోయి, రెండున్నర సెకండ్లలో నేల గూలెను. ఆయన వాడినవి పెట్రోలు, ద్రవరూపమున నున్న ఆమ్లజని. ఆమ్లజని ద్రవముగా నిలువవలెనన్న సున్నకు 183 డిగ్రీలు దిగువనున్న చల్లదనము కావలెను. తొట్టిలో పోసినది మొదలు అది ఆవిరియై పోవుచునే యుండును. అట్టిదానితో రాకెట్టును నెలలతరబడి సిద్ధముగా నుంచుట అసాధ్యము.

అందుచేత శాస్త్రజ్ఞుల దృష్టి నత్రికామ్లముపై పడెను. మన గ్రామములలో కంసాలి బంగారపు మేలిమి చూచుటకు వాడు తేజాబు ఇదియే. వెండిని, రాగిని కరగించి బంగారమును మాత్రము విడిచిపెట్టు ఈ ద్రవమునందు ఆమ్లజని సమృద్ధిగా కలదు. మామూలు వేడిమికి అది మరుగదు. సోవియట్ దేశమున వలెంతీన్ గ్లుష్కో 1930 తరువాతి సంవత్సరములలో ఇట్టి ద్రవములతో యంత్రములను పరీక్షించెను. అమెరికాలో ఫ్రాంక్ మలీనా బృందమువారు నత్రికామ్లమును పెట్రోలుతో మండింపజూడగా యంత్రము అదరి, కొన్నిసార్లు పేలెను. 1942లో వారు పెట్రోలునకు బదులు అనిలిన్ అను రంగుల నూనెను వాడిరి. ఆ రెండును తాకినంతనే అగ్గిపుల్ల అవసరము లేకుండ మంట పుట్టెను! ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలోనే అట్టి యంత్రముల సాయమున ఒక బాంబరు విమానము నేలవిడిచి లేచెను.

అనిలిన్ అను పేరునకు మూలము మన సంస్కృత భాషలోని ‘నీల’ శబ్దమే. నీలిమందు అరబ్బుల నోట ‘అన్నీల్’ అయి, పోర్చుగీసువారి నోట ‘అనిల్’ అయ్యెను. 1840లో ఒక రసాయనవేత్త నీలిమందునుండి ఈ నూనెను తీసి ఆ పేరు పెట్టెను. భూపాలపల్లి గనులవారికి సుపరిచితమైన నేలబొగ్గునుండి వచ్చు తారులోనుండియు దీనిని తీయనేర్చిరి. దీనికి సోదరి యనదగినది క్సైలిడీన్. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనులు క్సైలిడీన్‌ను ట్రైఇథైలమీన్‌తో కలిపి ఇంధనముగా వాడిరి. యుద్ధానంతరము సోవియట్ వారును అట్టి మిశ్రమమునే గైకొనిరి.

అయినను చిక్కు తీరలేదు. కాలము గడచినకొలది నత్రికామ్లము తానున్న ఉక్కుతొట్టినే తినివేయును. 1950 తరువాత అమెరికా శాస్త్రజ్ఞులు అందులో నూటికి సుమారు అరపాలు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమును కలిపి చూచిరి. అది లోహముపై పలుచని పొరగా ఏర్పడి తొట్టిని కాపాడెను. ఊరగాయకు ఉప్పు ఎట్టిదో తేజాబునకు ఈ స్వల్పాంశము అట్టిది.

ఇక మనదేశపు కథ. క్షిపణుల పరిశోధనకై ఏర్పడిన రక్షణ ప్రయోగశాల 1962లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1972లో అచ్చట ‘డెవిల్’, అనగా దయ్యము, అను పేర ఒక ప్రయత్న మారంభమయ్యెను. సోవియట్ వారి విమాన విధ్వంసక క్షిపణి నొకదానిని విప్పి, అంగాంగము కొలిచి, అట్టిదానిని స్వయముగా చేయుట దాని ఉద్దేశము. ద్రవేంధన యంత్రమును మనవారు సాధించిరి. పూర్తి క్షిపణి మాత్రము సిద్ధము కాలేదు. 1980లో ఆ ప్రయత్నమును విరమించిరి. ఖర్చుపద్దు మాత్రమే చూచువారికి అది నష్టముగా తోచినచో ఆశ్చర్యము లేదు.

అయితే లెక్కల పుస్తకమున ఖర్చుతోబాటు నిలువ యను పద్దు కూడ నుండును. 1982లో అబ్దుల్ కలామ్ ఆ ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చిరి. మరుసటి సంవత్సరము ప్రారంభమైన క్షిపణుల కార్యక్రమమునకు డెవిల్ నాటి విద్య అక్కరకు వచ్చెను. 1988 ఫిబ్రవరి 25వ తేదీన నెల్లూరు సీమలోని శ్రీహరికోటనుండి ‘పృథ్వి’ ఎగిరెను. దాని తొట్లలోనున్నవి ఆ తేజాబు, ఆ క్సైలిడీన్ మిశ్రమమే. 1989 మే 22వ తేదీన ఎగిరిన మొదటి ‘అగ్ని’ రెండవ అంతస్తు సైతము పృథ్వి యంత్రముతోనే నడచెను. ఈ ద్రవములు విషపూరితములు. వానిని నింపుట ప్రమాదకరము. కావుననే తరువాతి అగ్ని క్షిపణులకు ఘనేంధనమే వాడబడెను. యుద్ధసాధనముగా దీని ప్రాభవము కొంతకాలమే నిలిచెను.

అంతరిక్షమున మాత్రము అది తగ్గలేదు. 1974లో ఫ్రెంచివారితో కుదిరిన ఒప్పందము ప్రకారము మన ఇంజనీర్లు అచ్చట పనిచేసి, ధనమునకు బదులు శ్రమ నిచ్చి, ‘వికాస్’ యంత్రపు విద్యను సంపాదించిరి. అందులో వాడు నత్రజని టెట్రాక్సైడు 21 డిగ్రీలకే మరుగును. జనగామలో చలికాలపు మధ్యాహ్నమున సైతము అది మూతలేని పాత్రలో నిలువదు. ఒత్తిడిగల మూసిన తొట్టిలో మాత్రము చక్కగా నిలుచును. 2023 జూలై 14వ తేదీన శ్రీహరికోటనుండి చంద్రయానమును మోసికొనిపోయిన రాకెట్టు నడిమి అంతస్తున మండినవి రెండు వికాస్ యంత్రములే.

డెవిల్ కార్యక్రమము మూతపడిననాడు అందు నేర్చిన విద్యకూడ చెదరిపోయియున్నచో, పృథ్వి పని మరల ఓనమాలనుండియే మొదలుపెట్టవలసి వచ్చెడిది. గ్రంథాలయ బీరువాలో ఏండ్లతరబడి ఎవరును ముట్టని పుస్తకము వ్యర్థమని తలచుట కూడ అట్టి పొరపాటే. ఇరువదియైదేండ్ల నిలువ మన యెదుట నున్నది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల బాలబాలికలలో ఎవరి చేతిలో అది అంటుకొనునో ముందుగా చెప్పజాలము. దానిని చెడకుండ కాపాడుట పెద్దల విధి.