చదువుట, గ్రహించుట: మన ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు ప్యాసేజీ వెనుక ఉన్న చరిత్ర

పదవ తరగతి ఇంగ్లీషు ప్రశ్నాపత్రము చూచినవారికి, ప్యాసేజీ చదివి క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాయమనే భాగము కొత్త కాదు. పది పన్నెండు వాక్యముల పేరా ఒకటి, దాని క్రింద అయిదారు ప్రశ్నలు. వ్యాకరణము భయపెట్టిన విద్యార్థికి కూడ ఇక్కడ నాలుగు మార్కులు వస్తాయనే ధైర్యము ఉంటుంది. ఈ చిన్న అభ్యాసమునకు ఒక చరిత్ర ఉన్నది, అందులో మిషను పాఠశాలల పాత్ర తక్కువది కాదు. సెమినరీకి వచ్చే తెలుగు విద్యార్థి ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథము ముందు ఎందుకు తడబడుచున్నాడో తెలిసికొనవలెనంటే ఆ చరిత్రను చూడక తప్పదు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడు రథము మీద కూర్చుండి యెషయా గ్రంథమును పైకి చదువుచున్నాడు. అతనికి చదువుట వచ్చును. ఫిలిప్పు అడిగినది అది కాదు, చదివినది గ్రహించుచున్నావా అని. చదువుటకు, గ్రహించుటకు మధ్య ఉన్న ఈ దూరమును ఒక పాఠశాల పద్ధతిగా పట్టించుకొనినవారు 19వ శతాబ్దపు ఆరంభములో స్కాట్లాండులో కనబడుదురు.

ఎడిన్‌బరో నుండి కలకత్తాకు

ఎడిన్‌బరో నగరములో బీద పిల్లల కొరకు సంఘములు నడిపిన సెషనల్ స్కూలు ఒకటి ఉండెను. అక్కడ జాన్ వుడ్ అనే ఆయన బోధనలో ఒక మార్పు తెచ్చారు. అప్పటివరకు పిల్లలు బైబిలును, ప్రశ్నోత్తర కాటికిజమును గడగడ చదివేవారు, అర్థము అడిగితే నోరు తెరిచేవారు కారు. వుడ్ చదువుచున్న పిల్లవానిని మధ్యలో ఆపి, ఈ మాటకు అర్థమేమి, ఈ వాక్యము ఏమి చెప్పుచున్నది, ముందు చెప్పినదానికి దీనికి సంబంధమేమి అని ప్రశ్నించేవారు. తన అనుభవమును 1828లో పుస్తకముగా వెలువరించారు.

ఈ పద్ధతిని మన దేశమునకు తెచ్చినవారు అలెగ్జాండర్ డఫ్. 1830లో ఆయన ప్రయాణించిన ఓడ దక్షిణాఫ్రికా తీరమున పగిలి ఆయన పుస్తకములన్నీ సముద్రము పాలైన సంగతి, బైబిలు మాత్రము ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన సంగతి మన ప్రసంగములలో తరచు వినబడునదే. ఆ కథకంటె మనకు ఇక్కడ ముఖ్యమైనది, ఆయన పుస్తకములు పోయినను ఎడిన్‌బరోలో చూచిన పద్ధతి మాత్రము తలలో మిగిలి ఉండుట. అదే సంవత్సరము జూలైలో, రామమోహనరాయ్ సహాయముతో దొరికిన ఇంటిలో, కలకత్తాలో ఆయన పాఠశాల తెరిచారు. అక్షరములు నేర్చుకొను పిల్లవాని మొదలు పై తరగతివాని వరకు చదివిన ప్రతి మాట మీద ప్రశ్న ఉండవలెనన్నది అక్కడి నియమము. పిల్లలకు సరిపడు ఇంగ్లీషు వాచకములను ఆయనే తయారు చేసికొన్నారు. 1837లో జాన్ ఆండర్సన్ మద్రాసులో తెరిచిన పాఠశాల ఇదే స్కాటిష్ సంఘపు కొమ్మ. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీగా ఎదిగినది అదే.

1835లో మెకాలే వ్రాసిన మినిట్ గురించి మనము ఎక్కువగా మాట్లాడుకొంటాము. ప్రభుత్వపు డబ్బు ఎటు పోవలెనో ఆ కాగితము నిర్ణయించినది నిజమే. అయితే ఇంగ్లీషు పేరాను పిల్లవానికి ఎలా అర్థము చేయించవలెనో అందులో లేదు. ఆ పని మెకాలేకు అయిదేండ్ల ముందే కలకత్తాలో ఒక మిషనరీ బల్ల దగ్గర మొదలైనది.

మచిలీపట్నము, ఒంగోలు

తెలుగు నేలమీద ఈ చదువు 1843లో మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ తెరిచిన ఇంగ్లీషు పాఠశాలతో వేరూనినది. ఆయనతో కలిసి 1841లో వచ్చిన హెన్రీ ఫాక్స్ తెలుగు నేర్చుకొని ఊరూర సువార్త ప్రకటింపగా, నోబుల్ పాఠశాలను విడువక 1865లో మరణించువరకు అక్కడనే ఉండిరి. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, చెరువుకు గండి పడినట్లు బడి ఖాళీ అయినది. చదువుట వేరు, గ్రహించుట వేరు అని తలిదండ్రులకు ఆ రోజున బాగా తెలిసి ఉండవలెను. పిల్లలు ఇంగ్లీషు బైబిలు చదువుటకు వారు అభ్యంతరము చెప్పలేదు, అది ఉద్యోగమునకు పనికివచ్చు ఇంగ్లీషు కదా! అర్థము చేసికొని దాని ప్రకారము నడుచుటకే అభ్యంతరము.

అయితే ఈ పాఠశాల గురించి మనము మరియొక మాట కూడ చెప్పుకొనవలెను. నోబుల్ తన బడిని అగ్రకులముల పిల్లల కొరకు నడిపారు. పైవారు మారితే క్రిందివారు వస్తారని ఆనాడు అనేకమంది మిషనరీలు నమ్మిరి. తెలుగు సంఘ చరిత్ర ఆ క్రమములో నడువలేదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిన పిమ్మట సువార్త మాదిగపల్లెలలో వ్యాపించినది, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి పిల్లలకు పల్లె బడులలో దొరికిన చదువు తెలుగు చదువు. రామపట్నము సెమినరీలో బోధకులు నేర్చుకొనినది కూడ తెలుగులోనే. 1854 నాటి వుడ్ డిస్పాచి (ఈ వుడ్ వేరు, ఇంగ్లాండు మంత్రివర్గములోని చార్లెస్ వుడ్) పై చదువుకు ఇంగ్లీషు, సామాన్య జనమునకు దేశభాష అని చెప్పిన విభజన మిషనులలో కులముల వారీగా అమలైనదనవచ్చు.

దీనిని నష్టముగా మాత్రమే చూచుట నాకు సమ్మతము కాదు. అక్షరము నిరాకరింపబడిన ప్రజలకు తమ భాషలో లేఖనము చదివి గ్రహించు భాగ్యము కలిగినది. కాని ఇంగ్లీషు పుస్తకము, దానితో వచ్చు ఉద్యోగము, సంఘ పరిపాలనలో మాట చెల్లుబడి చాలకాలము వేరొకరి చేతిలో ఉండిపోయినవి. ఈనాడు బి.డి. తరగతిలో ఇంగ్లీషు పేరా ముందు మౌనముగా కూర్చున్న విద్యార్థిని సోమరి అనుటకు ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి తలంచుకొనుట మంచిది.

పరీక్ష వచ్చిన తరువాత

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. మెట్రిక్యులేషన్ పరీక్ష ఉన్నత పాఠశాల గమ్యమైనది. ఇంగ్లీషులో ఫలానా పుస్తకములు అని నిర్ణయించుటతో వాటికి నోట్సులు, కీలు అచ్చయినవి. పిల్లవాడు మూలమును విడిచి నోట్సును కంఠస్థము చేసెను. వేదము వల్లించుటలో, ఎక్కములు అప్పగించుటలో ఆరితేరిన దేశమునకు ఇది కష్టమైన పని కాదు. డఫ్ తెచ్చిన ప్రశ్నలు ఉండనే ఉన్నవి, కాని వాటి జవాబులు కూడ ముందుగానే అచ్చులో ఉన్నవి.

1902లో థామస్ రాలీ అధ్యక్షతన నియమింపబడిన భారత విశ్వవిద్యాలయముల కమిషను ముందు ఈ పరిస్థితి బయటపడినది. నిజాము ప్రభుత్వమున విద్యాశాఖను నడిపిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ అందులో ఒక సభ్యులు. మెట్రిక్యులేషను గెలిచి కాలేజీకి వచ్చినవారు ఇంగ్లీషు ఉపన్యాసమును అర్థము చేసికొనలేకున్నారని కమిషను గుర్తించినది. ప్రవేశ పరీక్షకు ఇంగ్లీషులో పాఠ్యపుస్తకమును నిర్ణయించవద్దని సూచించినది. బట్టీ పట్టుటకు పుస్తకమే లేకుంటే ఎప్పుడును చూడని పేరాను చదివి జవాబు చెప్పక తప్పదు గదా అన్నది ఇందలి తర్కము. మన పిల్లలు అన్‌సీన్ ప్యాసేజీ అని పిలుచుదాని వెనుక ఉన్న ఆలోచన ఇదే.

గ్రహింపు అనగా ఏమిటో పరిశీలించిన పని అమెరికాలో జరిగినది. 1917లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలకు చిన్న పేరాలు ఇచ్చి వారి తప్పు జవాబులను పరిశీలించారు. ఒక పేరా ఫ్రాంక్లిన్ అను ఊరిలో పిల్లలు బడికి తప్పక హాజరు కావలెనను నియమము గురించినది. ఈ పేరా దేనిని గురించినది అని అడిగితే కొందరు ఫ్రాంక్లిన్ అని వ్రాసిరి. మొదట కనబడిన మాట వారి మనస్సును ఆక్రమించినది, తక్కిన మాటల బరువు తగ్గిపోయినది. పేరా చదువుట లెక్క చేయుట వంటిదని, ప్రతి మాటకు తగిన బరువునిచ్చి, ఒకదానితో ఒకటి కలిపి, అక్కరలేనిదానిని విడిచిపెట్టవలెనని ఆయన తేల్చారు.

ఆ తప్పు పిల్లలకే పరిమితమా? ఫిలిప్పీ 4:13లో సమస్తము అను ఒక్క మాటను పట్టుకొని పరీక్షలో విజయము, వ్యాపారములో లాభము అని ప్రసంగించువారు, అంతకుముందు రెండు వచనములలో పౌలు ఆకలిని, లేమిని సహించుట నేర్చుకొంటినని చెప్పిన సంగతికి ఏ బరువూ ఇవ్వరు. కింగ్ జేమ్స్ బైబిలు ప్రక్కన పెట్టుకొని సిద్ధపడువారికి మరియొక చిక్కు ఉన్నది. రోమా 1:13లో లెట్ అను మాట ఆనాటి ఇంగ్లీషులో అడ్డగించుట, అనుమతించుట కాదు. 1 థెస్సలొనీక 4:15లో ప్రివెంట్ అనగా ముందుగా వెళ్లుట, ఆపుట కాదు. మన తెలుగు బైబిలు ఈ రెండు చోట్లను సరిగానే చెప్పుచుండగా, ఇంగ్లీషు ఎక్కువ ప్రామాణికమని దానిని సవరించువారిని చూచియున్నాను.

ఢాకా నుండి హైదరాబాదుకు

మన దేశపు పిల్లవానిని ఎదుట ఉంచుకొని ఆలోచించినవారు మైఖేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన ఈ ఆంగ్లేయుడు 1926లో బెంగాలులో ద్విభాషా సమస్యపై తన పరిశోధనను ప్రచురించారు. బెంగాలీ పిల్లవానికి ఇంగ్లీషుతో అన్నిటికంటె ముఖ్యమైన అవసరము చదువుట, మాటలాడుట తరువాతిది అని ఆయన అభిప్రాయము. చాలమంది మధ్యలోనే బడి మానివేయుదురు గనుక ఏ తరగతిలో మానినను అప్పటివరకు నేర్చినది పనికివచ్చునట్లు ఉండవలెనన్నారు. బీమా పాలసీని మధ్యలో వదులుకొన్నవానికి ఎంతో కొంత సొమ్ము తిరిగి వచ్చునట్లు! వాచకములలో ఒక్కొక్క పుటకు పదుల కొద్ది కొత్త మాటలు క్రిక్కిరిసి యుండుట ఆయన గమనించి, ఎక్కువగా వాడుకలో ఉన్న మాటలను ఏరి, కొద్దికొద్దిగా ప్రవేశపెట్టి, అవి మరల మరల కనబడునట్లు కొత్త వాచకములు వ్రాశారు. మనము హైస్కూలులో నాన్‌డీటెయిల్డ్ అని చదివిన సరళమైన కథల పుస్తకములు ఈ సంప్రదాయమునకు దగ్గరివి. వేగముగా, సంతోషముగా చదువుటకు ఉద్దేశించిన ఆ పుస్తకమునకు కూడ గైడు వచ్చినది, వ్యాసరూప జవాబులు వచ్చినవి!

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ దాని వారసురాలే. అయినను 1980లలో మా తరము తెలుగు మీడియము హైస్కూలులో చూచిన ఇంగ్లీషు పాఠము ఏమిటి? అయ్యవారు ఒక వాక్యము చదువుదురు, తెలుగులో అర్థము చెప్పుదురు, మరియొక వాక్యము. ప్యాసేజీకి మేము నేర్చిన ఉపాయము, ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడ ఉన్నదో వెదకి ఆ వాక్యమును దింపుట. "గిలపలు మెరతలో తొసిగినవి" అని వ్రాసి, గిలపలు ఎక్కడ తొసిగినవి అని అడిగితే ఎవరైనను మెరతలో అని జవాబు చెప్పగలరు. గిలప అనగా ఏమిటో లోకములో ఎవరికిని తెలియదు, అటువంటి మాటే లేదు. ఆ విధముగా నలుబది మార్కులు దాటినవారము కొందరము తరువాత ఇంగ్లీషులో దైవశాస్త్రము చదువుటకు వెళ్లితిమి. అక్కడ అసైన్‌మెంటు వ్రాయునప్పుడు కూడ గ్రంథములోని వాక్యము దింపుటయే జరిగినది.

వెస్ట్ 1960లో వ్రాసిన ఒక చిన్న పుస్తకము క్రిక్కిరిసిన తరగతులలో, చాలీచాలని వసతులతో బోధించు ఉపాధ్యాయుల కొరకైనది. అందులో ఒక అభ్యాసము చెప్పారు. విద్యార్థి పుస్తకములో ఒక పదబంధమును కన్నులతో చదివి, తల ఎత్తి, ఎదుటివాని ముఖము చూచి దానిని చెప్పవలెను, మరల తల దించి తరువాతి పదబంధము చదువవలెను. పుస్తకము చూచుచు మాటలాడరాదు. మా సంఘములో పదవ తరగతి చదువు పిల్లలు ఆదివారము సాయంత్రము ఒక గంట దీనిని చేయుచున్నారు, ఇంగ్లీషులో చెప్పిన పిమ్మట పేరా మూసివేసి అందులోని సంగతిని ఇంటి తెలుగులో ప్రక్కవానికి చెప్పుదురు. దింపుటకు అక్కడ ఎదుట వాక్యము ఉండదు. మొదటి నెలలో ముగ్గురు మానివేసిరి. మిగిలిన తొమ్మిదిమంది ఇప్పుడు లేఖన పఠనమునకు పులపీఠము ఎక్కినప్పుడు కూడ తల ఎత్తి చదువుచున్నారు.