వీసం నుంచి పైసా దాకా

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి.క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఊళ్లలో పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పమని గవర్నర్ థామస్ మన్రో అంతకు ముందు ఏడాదే జిల్లాలన్నిటినీ అడిగాడు. అప్పటి బళ్లారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులు రెండూ ఉండేవి. క్యాంప్‌బెల్‌కు తెలుగు బాగా వచ్చు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు లెక్కతేల్చాడు.

ఆ నివేదికలో ఒక ముచ్చట ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు బడికొచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. బడి మొదలయ్యే లోపే ఒక కూడిక పాఠం అయిపోయేదన్నమాట!

అక్షరాలైనా అంకెలైనా ముందు ఇసుకలో వేలితో దిద్దాల్సిందే. నూరు దాకా లెక్కించడం, కూడికల పట్టీ, ఆ తర్వాత డబ్బు మీద కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, కొలతలు. అన్నిటికంటే ఎక్కువ శ్రమ భిన్నాల మీద పడేది. అవి పదుల్లో కాదు, నాలుగుల్లో దిగేవి: ఒకటిలో నాలుగో వంతు పావు, అందులో నాలుగో వంతు వీసం. రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరసల్లో నిలబడి, పెద్ద పిల్లవాడు చెబుతుంటే ఎక్కాలు, భిన్నాలు, కొలతలు మొత్తం వల్లెవేసేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఈ పద్ధతిని ఇంగ్లండు అనుసరించడం సబబేనని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

పసివాళ్లకు వీసాలెందుకు? బజారు అలా ఉండేది కాబట్టి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు. పదహారో ఎక్కం రానివాడికి సంతలో మోసపోక తప్పేది కాదు. ఈ పాత భిన్నాలకు తెలుగులో విడిగా గుర్తులే ఉన్నాయి. 2008లో యూనికోడ్ వాటికీ చోటిచ్చింది. ఇవాళ వాటిని చదవగలిగిన బడిపంతులు దొరకడం కష్టమే.

పండితుల గణితం వేరే దారిలో నడిచింది. మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కానీ అయిదేళ్ల పిల్లల చదువును నడిపించింది పద్యం కాదు, కొట్టు.

ఆ కొట్టే 1957 ఏప్రిల్ 1న మారిపోయింది. రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి కిలోలు, మీటర్లు అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి. తరతరాలు వల్లెవేసిన వీసాలు, కానులు ఒక్క తరంలో బడి దాటిపోయాయి. నాలుగుల స్థానంలో పదులు కూర్చున్నాయి.

ఇప్పుడు ఒకటో తరగతి పిల్ల పుల్లలు లెక్కించి, పదింటికి రబ్బరు బ్యాండు వేస్తుంది. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు కలిపితే ఇరవై మూడు. అందులోంచి ఎనిమిది తీసేయాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. ‘పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో ఆ రబ్బరు బ్యాండు తీస్తున్నప్పుడు అర్థమవుతుంది. వల్లెవేతలో ఈ మెట్టు కనబడదు. అలాగని వల్లెవేతను ఎగతాళి చేయనక్కర్లేదు. ఎక్కం నోటికి రాకపోతే పై తరగతిలో భాగహారం దగ్గర పిల్లలు ఆగిపోతారు.

2021లో మొదలైన జాతీయ కార్యక్రమం ‘నిపుణ్ భారత్’ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి ముగిసేసరికి 99 దాకా, రెండులో 999 దాకా, మూడులో 9,999 దాకా సంఖ్యలు చదవాలి, రాయాలి. 2022లో తెలంగాణ బడుల్లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీదే దృష్టిపెట్టింది. లక్ష్యాలు బాగానే ఉన్నాయి. లోటల్లా బజారుదే. ఫోన్ చూపించి డబ్బు కట్టేస్తున్న రోజుల్లో పిల్లల కంటికి చిల్లరే కనబడటం లేదు. ఇంట్లో రెండో తరగతి పిల్లలుంటే ఈసారి కొట్టుకు యాభై రూపాయల నోటు ఇచ్చి తీసుకెళ్లండి. తిరిగి ఎంత రావాలో వాళ్లనే చెప్పనివ్వండి.