పిచ్చాసుపత్రి కథల్లో తిరుగుబాటు

మానసిక వైద్యశాల వార్డులో రోగికీ ఆసుపత్రి అధికారానికీ మధ్య జరిగే పోరాటం రెండు శతాబ్దాలకు పైగా ప్రపంచ కథాసాహిత్యంలో కనిపిస్తున్న ఇతివృత్తం. జైలు కథల్లోని తిరుగుబాటుకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఖైదీ ఎదురుతిరిగితే నేరం అంటారు, రోగి ఎదురుతిరిగితే రోగలక్షణం అంటారు. అరిస్తే ఉద్రేకం, ఊరుకుంటే కుంగుబాటు, నాకు జబ్బు లేదంటే జబ్బు ముదిరిందనడానికి రుజువు. కాబట్టి ఈ కథల్లో గోడ దూకడం కన్నా తన మాటను ఎవరిచేతనైనా నమ్మించడం కష్టం. ఈ తరహా రచనల్లో నిలిచిపోయినవి ఆ కష్టాన్ని పట్టుకున్నవే.

తొలి రచనలు

మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ పూర్తి చేయకుండానే మరణించగా 1798లో అచ్చయిన ‘మరియా’ నవలలో భర్తే భార్యను ప్రైవేటు పిచ్చాసుపత్రిలో బంధిస్తాడు. పసిబిడ్డను కూడా ఆమెకు దూరం చేస్తాడు. మరియా గదిలో కూర్చుని కూతురి కోసం తన కథ రాసుకుంటుంది, కాపలాకు పెట్టిన జెమీమా మనసు మెల్లగా గెలుచుకుంటుంది. ఆమె చేయగలిగిన తిరుగుబాటు అదే.

బ్రెజిల్ రచయిత మషాదో ద అసీస్ 1881–82లో రాసిన ‘ఓ అలియెనిస్తా’ ఇదే సమస్యను ఊరంతటికీ విస్తరించింది. ఇతాగ్వాయి అనే పట్టణంలో డాక్టర్ బకమార్తి ‘కాజా వెర్ది’, అంటే పచ్చ మేడ, పేరుతో ఆసుపత్రి కట్టి, కొంచెం తేడాగా కనిపించిన ప్రతివాణ్నీ అందులో వేయిస్తాడు. మంగలి పొర్ఫీరియో జనాన్ని కూడగట్టి తిరగబడతాడు, పట్టణాన్ని చేజిక్కించుకుంటాడు కూడా. అయితే అధికారం చేతికి రాగానే కాజా వెర్దిని కూలగొట్టించడు, డాక్టరుతో రాజీకి వెళతాడు. ఈ వరసలోని కథలన్నిటిలోనూ రాజకీయంగా అత్యంత పదునైన ఘట్టం ఇదేనని చెప్పవచ్చు. గద్దె ఎక్కిన తిరుగుబాటుదారుకు కూడా ఆ తాళాలు అవసరమయ్యాయి.

రష్యన్ రచయిత చెహోవ్ ‘ఆరో నంబరు వార్డు’ 1892లో వెలువడింది. అంతకు రెండేళ్ల ముందు ఆయన సఖాలిన్ దీవికి వెళ్లి, అక్కడి ఖైదీల బతుకును కళ్లారా చూసి వచ్చాడు. కథలో డాక్టర్ రాగిన్ మంచివాడు, బద్ధకస్తుడు. బాధ అనేది మనసు కల్పించుకునే ఊహ మాత్రమేనని వాదిస్తుంటాడు. వార్డులో బంధించిన గ్రోమొవ్ ఆ వాదాన్ని తుత్తునియలు చేస్తాడు. బాధ ఎరగనివాడికే ఇలాంటి వేదాంతం తోస్తుందని మొహం మీదే చెబుతాడు. ఊళ్లో మాట్లాడదగిన మనిషి ఇతనొక్కడేనని రాగిన్ రోజూ వార్డుకు వెళ్లడం మొదలుపెడతాడు. రోగితో అంతసేపు కబుర్లేమిటని తోటివాళ్లకు అనుమానం వస్తుంది. చివరకు మాయమాటలతో అతన్నే ఆ వార్డులో పెట్టి తాళం వేస్తారు. బయటికి పోనివ్వమని అడిగినందుకు కాపలా నికీత చేతి గుద్దులు తిని, మర్నాడు చచ్చిపోతాడు. ఇన్నేళ్లుగా ఈ మనుషులు రోజూ ఇదే అనుభవిస్తుంటే తను తెలుసుకోలేదన్న ఎరుక, దెబ్బలు తగిలాకే అతనికి కలుగుతుంది. రష్యాలో ఈ పేరు ఎంత పాతుకుపోయిందంటే, 1962లో సోవియట్ అధికారులు మానసిక వైద్యశాలలో బంధించిన రచయిత వలేరీ తార్సిస్, ఆ అనుభవం మీద రాసిన నవలకు ‘ఏడో నంబరు వార్డు’ అని పేరు పెట్టాడు. అది 1965లో పాశ్చాత్య దేశాల్లో అచ్చయింది.

కెన్ కీజీ నవల

ఈ ఇతివృత్తానికి నేడు అందరికీ తెలిసిన రూపం ఇచ్చింది 1962లో అమెరికాలో వచ్చిన ‘వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్’. అప్పటికి నేల సిద్ధంగా ఉంది. 1955 నాటికి అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సుమారు 5,59,000 మంది ఉండేవారు. మెదడు నరాలను కోసే లోబోటమీని ఆరంభించిన ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతి వచ్చింది. న్యూజిలాండ్ రచయిత్రి జానెట్ ఫ్రేమ్‌కు అదే శస్త్రచికిత్స చేయాలని నిర్ణయించాక, ఆమె కథల సంపుటికి సాహిత్య బహుమతి రావడంతో డాక్టర్లు మానుకున్నారు. ఆమె ‘ఫేసెస్ ఇన్ ది వాటర్’ నవలా, సమాజశాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ ‘అసైలమ్స్’ గ్రంథమూ 1961లోనే వచ్చాయి.

కీజీ కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్ మాజీ సైనికుల ఆసుపత్రిలో, డబ్బు తీసుకుని ఎల్‌ఎస్‌డీ వంటి మందుల ప్రయోగాలకు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అక్కడే రాత్రి డ్యూటీ సహాయకుడిగా పనిచేశాడు. నవలలో మక్‌మర్ఫీ జైలు పొలంలో చాకిరీ తప్పించుకోవడానికి పిచ్చి నటించి వార్డుకు వస్తాడు. నర్స్ రాచెడ్ గొంతు పెంచదు, చెయ్యెత్తదు. చర్చాగోష్ఠి పేరుతో రోగులను ఒకరి గుట్టు ఒకరిచేత బయటపెట్టించి లొంగదీస్తుంది. జైలు శిక్షకు గడువుంటుంది, ఇక్కడ తన విడుదల ఆమె దయ మీద ఉందని మక్‌మర్ఫీకి ఆలస్యంగా తెలుస్తుంది. తోటి రోగుల్లో చాలామంది తమంతట తామే వచ్చి చేరినవాళ్లని, కోరుకుంటే వెళ్లిపోవచ్చని తెలిసినప్పుడు అతనికి మతిపోతుంది. నవల మొత్తానికీ ఇరుసు ఇక్కడ ఉంది. తలుపు తీసి ఉన్నా కదలలేనంతగా భయం లోపల గూడు కట్టుకుంది.

కథ చెప్పేది మాత్రం మక్‌మర్ఫీ కాదు, చీఫ్ బ్రామ్డెన్. కొలంబియా నదీతీరపు తెగ నాయకుడి కొడుకు. ఆనకట్ట కోసం ప్రభుత్వం తన తెగ బతికిన చోటును లాక్కోవడం చూసినవాడు. ఏళ్ల తరబడి చెవిటి మూగగా నటిస్తూ వార్డు ఊడుస్తుంటాడు. ఇతనికి వినపడదనుకుని సిబ్బంది అన్నీ ఇతని ముందే మాట్లాడుకుంటారు. బేస్‌బాల్ పోటీలు టీవీలో చూడటానికి మక్‌మర్ఫీ ఓటింగు పెట్టినప్పుడు తక్కువపడిన ఆ ఒక్క చెయ్యి ఎత్తేది ఇతనే. ఓ రాత్రి మక్‌మర్ఫీ చూయింగ్ గమ్ ఇస్తే, అసంకల్పితంగా థాంక్యూ అంటాడు. కరెంటు షాకులు, బిల్లీ బిబిట్ ఆత్మహత్య, మక్‌మర్ఫీకి లోబోటమీ వరసగా జరిగిపోతాయి. జీవచ్ఛవంగా మిగిలిన స్నేహితుడి ఊపిరి బ్రామ్డెనే ఆపి, కిటికీ బద్దలుకొట్టుకుని వెళ్లిపోతాడు. తిరగబడినవాడు ఓడిపోయాడు, మాట మానుకున్నవాడు నోరు తెరిచి ఆ కథ చెప్పాడు.

1975లో మిలోష్ ఫోర్మన్ తీసిన సినిమాను ఒరెగాన్ రాష్ట్రం సేలంలోని నిజమైన మానసిక వైద్యశాలలోనే చిత్రీకరించారు. అక్కడి సూపరింటెండెంటు డీన్ బ్రూక్స్ తెర మీద డాక్టరుగా నటించాడు. ఉత్తమ చిత్రంతో సహా అయిదు ప్రధాన ఆస్కార్లు దానికి దక్కాయి. కమ్యూనిస్టు చెకొస్లొవాకియాలో పెరిగిన ఫోర్మన్‌కు నర్స్ రాచెడ్ పరిచయస్తురాలే. కానీ సినిమా బ్రామ్డెన్ కథనాన్ని తీసేసి మక్‌మర్ఫీని కేంద్రంలో పెట్టింది. కీజీ దీనికే ఎక్కువ నొచ్చుకున్నాడు, అందులో న్యాయముంది. అద్భుతమైన సినిమాయే, అయినా నవలలోని అసలు తిరుగుబాటు సగం చెరిగిపోయింది. మలయాళంలో ప్రియదర్శన్ 1986లో తీసిన ‘తాళవట్టం’ ఈ కథను మన దేశానికి తెచ్చి, ప్రేమకథగా మలిచింది.

విమర్శ

కీజీ నవలలో అధికారానికి ముఖం స్త్రీది, అణచివేతకు చేతులు నల్లజాతి వార్డుబాయిలవి. పెద్ద డాక్టర్ల వ్యవస్థ దాదాపు తప్పించుకుపోతుంది. స్త్రీవాదులు ఈ లోపాన్ని గట్టిగా ఎత్తిచూపారు, దాన్ని కాదనలేం. మరో నష్టం కూడా జరిగింది. మత్తుమందు ఇచ్చి జాగ్రత్తగా చేసే కరెంటు చికిత్స తీవ్రమైన కుంగుబాటుకు నిజంగా పనిచేస్తుంది. సినిమాలోని షాకు దృశ్యం మాత్రం దాన్ని శిక్షగానే జనం మనసులో ముద్రవేసింది.

మార్జ్ పియర్సీ 1976 నాటి ‘ఉమన్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టైమ్’ ఈ చర్చకు నవలారూపంలో జవాబు అనిపిస్తుంది. పేద మెక్సికన్ అమెరికన్ స్త్రీ కోనీ రామోస్, తన మెదడు మీద ప్రయోగం తలపెట్టిన డాక్టర్ల కాఫీలో విషం కలుపుతుంది. అంతవరకూ ఆమె కళ్లతో చూసిన పాఠకుడి చేతికి, చివరి అధ్యాయంలో ఆసుపత్రి ఆమె గురించి రాసుకున్న కేసు ఫైలు పెడుతుంది పియర్సీ. ఏ కథనాన్ని నమ్మాలో ఇక పాఠకుడే తేల్చుకోవాలి.