అపూ కథ ఎక్కడ మొదలుపెట్టాలి?

వీడియో గేములు ఆడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. ఒక ఆటకి రెండో భాగమో మూడో భాగమో వచ్చి పేరు మోగిపోతున్నప్పుడు, కొత్తవాడు నేరుగా దాన్నే మొదలుపెట్టవచ్చా, లేక ముందు పాతది పూర్తిచేసి రావాలా అని. పాతకాపులు పాతది ఆడి రమ్మంటారు. అది ఆడనివాడికి ఇది అర్థం కాదని, అర్థమైనా రుచి తెలియదని వాళ్ళ వాదన. ఆ మాటలో కొంత నిజం ఉంది, కొంత పెత్తనమూ ఉంది. ఏది ఎంతో తేల్చుకోవాలంటే ఆటల చరిత్ర చాలదు, దాని వయసే చిన్నది. కలకత్తా నగరం ఈ ప్రశ్నను పత్రికల్లోనూ సినిమాహాళ్ళలోనూ దాదాపు నూరేళ్ళుగా ఎదుర్కొంటూ వచ్చింది. అక్కడి అనుభవం చూస్తే నాకు ఒకటి స్పష్టంగా తోస్తుంది. మొదటిది ముందు చూడడం మంచి అలవాటే గాని, దాన్ని ప్రేక్షకుడి మెడకు బాకీగా చుట్టకూడదు. ఎవరి ఊతం లేకుండా నిలబడవలసిన బాధ్యత రెండోదానిదే.

అపూ కథనే తీసుకుందాం. విభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'పథేర్ పాంచాలి' 1928లో 'విచిత్ర' అనే మాసపత్రికలో మొదలై, 1929లో పుస్తకంగా వచ్చింది. కొనసాగింపు నవల 'అపరాజితో' మరో పత్రిక 'ప్రవాసి'లో ధారావాహికగా నడిచింది. ధారావాహికలు చదివే ఊళ్ళో వరుస అనేది ఎప్పుడూ పూర్తిగా పాఠకుడి చేతిలో ఉండదు. నడుమ చందా కట్టినవాళ్ళుంటారు, ఒక సంచిక దొరకనివాళ్ళుంటారు, వెనకటి కథ ఇంట్లోవాళ్ళ నోట విని అందుకునేవాళ్ళుంటారు. పైగా 'మొదటిది' అని మనం గీసే గీత అసలు ఎక్కడుంది? సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి' సినిమా అపూ కుటుంబం ఊరు విడిచి ఎడ్లబండి ఎక్కడంతో ముగుస్తుంది. నవల అక్కడ ఆగదు, కాశీకి వెళ్ళి తండ్రి హరిహర్ చావునూ ఆ తరువాతి కష్టాలనూ చెబుతుంది. రాయ్ రెండో సినిమా 'అపరాజితో' మొదటి నవల చివరి అయిదో వంతునీ రెండో నవల తొలి మూడో వంతునీ కలిపి అల్లినది. అంటే ఒక్క నవల చదివినవాడు రెండో సినిమాలోకి కొంత దూరం వచ్చేసినట్టే. ఇంతకన్నా విచిత్రం 1968లో జరిగింది. క్లార్క్, తారాపద ముఖర్జీ కలిసి ఆ నవలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, సినిమా ఆగినచోటే అనువాదాన్నీ ఆపేశారు. ముందు పుట్టిన పుస్తకానికి తరువాత పుట్టిన సినిమా హద్దు గీసింది. రాయ్‌కి సినిమా ఆలోచన పుట్టింది కూడా అసలు నవల దగ్గర కాదు. 1940లలో సిగ్నెట్ ప్రెస్ పిల్లల కోసం దాన్ని కుదించి 'ఆమ్ ఆఁటిర్ భేఁపు' పేరుతో, అంటే మామిడిటెంకతో చేసిన బూర అనే పేరుతో వేసింది. ఆ పొట్టి పుస్తకానికి బొమ్మలు గీస్తుండగా పుట్టిందా ఆలోచన.

సినిమా 1955 ఆగస్టు 26న కలకత్తాలో విడుదలైంది. భవానీపూర్ ప్రాంతంలోని బసుశ్రీ హాలులో మొదటి రెండు వారాలు జనం పలచగా వచ్చారు, తరువాత టిక్కెట్లు దొరకని స్థితికి చేరింది. అంత బాగా ఆడుతుండగానే హాలు ఖాళీ చెయ్యవలసి వచ్చింది, ఎందుకంటే నిర్మాత ఎస్.ఎస్. వాసన్ 'ఇన్సానియత్' కోసం బసుశ్రీని ముందే మాట్లాడేసుకున్నారు. తెలుగువాళ్ళం ఇక్కడ కాసేపు ఆగాలి. 'ఇన్సానియత్' మన 'పల్లెటూరి పిల్ల'కి హిందీ రూపం. బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి నటించిన 1950 నాటి ఆ తెలుగు చిత్రం కలకత్తా ప్రేక్షకుడికి ఏ లెక్కన తెలుస్తుంది? అయినా దిలీప్ కుమార్, దేవానంద్‌ల బొమ్మగా వాళ్ళు దాన్ని చూశారు. మూలం చూడలేదు గనుక మీకు అర్హత లేదని వాళ్ళను ఎవరూ గుమ్మంలో నిలదియ్యలేదు.

అసలు పరీక్ష మరుసటి ఏడాది వచ్చింది. 1956 అక్టోబరులో 'అపరాజితో' విడుదలయ్యేసరికి కలకత్తా ప్రేక్షకుల మనసులో మొదటి సినిమా ఇంకా పచ్చిగానే ఉంది. చాలామందికి రెండు నవలలూ చదివిన జ్ఞాపకమూ ఉంది. పాతకాపులు కోరుకునే ఆదర్శ ప్రేక్షకులు ఎవరైనా ఉంటే అది వాళ్ళే. ఆ ప్రేక్షకులే సినిమాను ఆదరించలేదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. కొడుకు పట్నం చదువుకి వెళ్ళి క్రమంగా తల్లికి దూరమైపోతాడు. తల్లి జబ్బు దాచుకుంటుంది. చివరికి ఆమె పోయాక, ఊళ్ళో ఉండి కర్మ చెయ్యమన్న పెద్దాయనతో, కర్మ కాళీఘాట్‌లో చేస్తానని చెప్పి కలకత్తా దారి పడతాడు. మొదటి సినిమాలో అమ్మ కొంగు చాటున తిరిగిన పిల్లవాణ్ణి గుండెల్లో దాచుకుని వచ్చినవాళ్ళకి ఇది మింగుడుపడలేదు. నవల చదివినవాళ్ళకి ఇంకో లోటు కూడా కనబడింది, అపూ చిన్ననాటి నేస్తం లీల సినిమాలో లేదు. 1957లో అదే సినిమా వెనిస్ ఉత్సవానికి వెళ్ళింది. రెనే క్లెయిర్ అధ్యక్షుడుగా ఉన్న జ్యూరీ ముందు కురొసావా 'థ్రోన్ ఆఫ్ బ్లడ్', విస్కాంటీ 'వైట్ నైట్స్' పోటీలో ఉండగా బంగారు సింహం 'అపరాజితో'కే దక్కింది. ఏడాది ముందే కేన్స్‌లో బహుమతి పొందిన 'పథేర్ పాంచాలి' పేరు అక్కడివాళ్ళకి కొత్తదేమీ కాదన్నది నిజమే. అయినా వాళ్ళు తూచింది ఈ ఒక్క సినిమాను. లీల లేదని గాని, అపూ మారిపోయాడని గాని వెలితి పడే అవసరం వాళ్ళకి రాలేదు. మొదటిది తెలిసి ఉండడం ఒక్కోసారి కళ్ళకి గంత కడుతుందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

దీనికి బలమైన ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా దాటెయ్యలేను. మూడు సినిమాల్లోనూ వచ్చే రైలే ఆ వాదన. మొదటి దాంట్లో అపూ, అక్క దుర్గా తెల్లటి రెల్లుపూల మధ్య పరుగెడతారు. ముందు తీగస్తంభానికి చెవి ఆనిస్తే వినిపించే ఝుంకారం, తరువాత పూల పైన నల్లటి పొగ, ఆపైన రైలు. అపూ కట్ట దాకా చేరతాడు, దుర్గ వెనకబడిపోతుంది. జ్వరంతో పడుకున్నప్పుడు మళ్ళీ రైలు చూడ్డానికి వెళ్దామని తమ్ముణ్ణి అడుగుతుంది, ఆ వెళ్ళడం జరగదు. 'అపరాజితో'లో అదే రైలు పొలాల అవతల చిన్న గీతలా కదులుతుంటే తల్లి సర్వజయ కూర్చుని చూస్తుంది. అది కొడుకుని తీసుకుపోయేదీ, తెచ్చేదీ కూడా. సెలవులు అయిపోయి స్టేషను దాకా వెళ్ళిన అపూ రైలు ఎక్కకుండా వెనక్కి వచ్చి, తప్పిపోయిందని అమ్మకి అబద్ధం చెప్పే ఘట్టం ఆ గీత వల్లే అంత బరువెక్కుతుంది. మూడోదైన 'అపూర్ సంసార్' (1959)లో అపూ టాలా రైలు యార్డు పక్కన అద్దె గదిలో ఉంటాడు. కూత పెడుతూ పోయే ఇంజను మోతకి కొత్త పెళ్ళికూతురు అపర్ణ చెవులు మూసుకుంటుంది. ఆమె పోయాక అపూ అదే పట్టాల పక్కన చావు కోసం నిలబడతాడు. చివర్లో తనని తండ్రిగా ఒప్పుకోని కొడుకు కాజల్‌కి తెచ్చి ఇచ్చేది ఆటబొమ్మ రైలు, వాడు దాన్ని విసిరికొడతాడు. రెల్లుపూలు చూడనివాడికి ఆ బొమ్మ ఒట్టి బొమ్మే కదా అంటే, కాదనలేను. ఆ వరుసలో చూసినవాడికి దక్కేది ఎక్కువే. కాని జాగ్రత్తగా చూడండి, ప్రతి సినిమాలోనూ రైలు తన పని తాను చేసుకుపోతోంది. చెవులు మూసుకునే అపర్ణను అర్థం చేసుకోవడానికి గాని, స్టేషను నుంచి తిరిగొచ్చిన కొడుకుని చూసి సర్వజయ ముఖం విప్పారడాన్ని అర్థం చేసుకోవడానికి గాని ముందు పాఠం ఏదీ చదివి రానక్కర్లేదు. ముందువి చూసినవాడికి అదనపు సంపద ఉంది, చూడనివాడికి అన్యాయం జరగలేదు. రాయ్ గొప్పతనం నా దృష్టిలో ఇక్కడే ఉంది.

దర్శకుడు ఉద్దేశించిన వరుసను గౌరవించాలి కదా అనేవాళ్ళూ ఉంటారు. అపూ విషయంలో అలాంటి ఉద్దేశం మొదట్లో లేనేలేదు. 'పథేర్ పాంచాలి' తీస్తున్నప్పుడు రాయ్ మనసులో మూడు సినిమాల పథకం లేదు. 'అపరాజితో' దెబ్బతిన్నాక ఆయన 'పరశ్ పాథర్', 'జల్సాఘర్' వైపు మళ్ళి, ఆ తరువాతే మూడోదానికి వచ్చారు. అపూగా మూడు సినిమాల్లో నలుగురు కనిపిస్తారు: సుబీర్ బెనర్జీ, పినాకీ సేన్‌గుప్తా, స్మరణ్ ఘోషాల్, చివరికి సౌమిత్ర చటర్జీ. ఒకే ముఖాన్ని వెంబడిస్తూ రావలసిన పని కూడా ప్రేక్షకుడికి లేదు. మూడింటినీ కలిపి ఒకే వరుసగా చూడడం అనే అలవాటు చాలావరకు తరువాతి కాలానిది. 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ చిత్రాల అసలు నెగటివులు దెబ్బతిన్నాయి. కాలిన ఫిలిమును ఏళ్ళ తరబడి బాగుచేసి 2015లో మూడింటినీ కొత్తగా విడుదల చేశారు. ఇప్పటివాళ్ళకి అపూ ఒకే పెట్టెలో, ఒకటి రెండు మూడు అంకెలతో దొరుకుతాడు. ఆ పని చేసినవాళ్ళకి ఎంత రుణపడినా తక్కువే. అయితే పెట్టె మీది అంకెలు కలకత్తా హాళ్ళలో కూర్చున్న తొలి ప్రేక్షకులకి లేవు.

వరుస తెలియనివాణ్ణి ఎలా లోపలికి పిలవాలో కూడా రాయే చూపించారు. ఆయన తాత ఉపేంద్రకిశోర్ 'సందేశ్' పత్రికలో 1915లో రాసిన కథ మీద 1969లో 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' వచ్చింది. దాని కొనసాగింపు 'హీరక్ రాజార్ దేశే' రావడానికి 1980 దాకా పట్టింది. నడుమ పదకొండేళ్ళు. మొదటిది వచ్చినప్పుడు పుట్టని పిల్లలు రెండోదానికి బారులు తీరే వయసుకి వచ్చారు, ఇంట్లో కూర్చుని పాతది వేసుకుని చూసే సాధనం మామూలు ఇళ్ళలో లేదు. అందుకే రెండో సినిమా మొదట్లోనే గూపీ, బాఘా తామెవరో, రాజుగారి అల్లుళ్ళు ఎలా అయ్యారో, భూతాల రాజు ఇచ్చిన వరాలేమిటో పాడి చెప్పేస్తారు. పాట అయ్యేసరికి హాల్లో పెద్దలూ పిల్లలూ ఒకే మెట్టు మీద ఉంటారు. ఆ తరువాత వజ్రాల గనుల రాజు, జనం బుర్రలు కడిగే యంత్రం, పాఠశాల మూయించుకున్న ఉదయన్ పండితుడు వస్తారు. ఎమర్జెన్సీ రోజులు దాటి వచ్చిన దేశానికి ఆ కథ నేరుగా తగిలింది.

మరి వరుస తప్పనిసరి అయ్యే సందర్భాలే లేవా? ఉన్నాయి. 2015లో 'బాహుబలి' కట్టప్ప కత్తి దగ్గర ఆగిపోయి, 2017లో గాని జవాబు చెప్పలేదు. అది ఒకే కథను రెండుగా కోసి రెండుసార్లు వడ్డించడం. సగం కథకి మిగతా సగం కావాలనడంలో వాదించడానికేముంది? ఆటల్లో ఈ బంధం ఇంకా గట్టిది. 'మాస్ ఎఫెక్ట్' 2007లో ఆడి దాచుకున్న ఫైలును 2010 నాటి రెండో ఆటలోకి తెచ్చుకోవచ్చు, అక్కడ మనం బతికించినవాళ్ళు ఇక్కడ బతికే కనిపిస్తారు. మొదటిది ఆడినవాడికి దక్కే ఈ హక్కు సినిమాకి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఫైలు లేనివాడికీ ఆ ఆట తలుపు తెరిచే ఉంచింది. 2011లో ప్లేస్టేషన్ 3కి తెచ్చినప్పుడు, ఆ యంత్రం మీద అప్పటికి మొదటి ఆట లేదు గనుక, ముందు కథనంతా బొమ్మల్లో చెప్పి, ముఖ్యమైన నిర్ణయాలు ఆడేవాడి చేతే తీయించారు. గూపీ పాట చేసిన పనే ఇదీ చేసింది.

మన భారతం కూడా వరుసగా పుట్టలేదు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, తిక్కన ఆ ఖాళీని అలాగే వదిలి విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. ఖాళీని ఎఱ్ఱన తరువాత పూరించాడు. వానలు కురవాలని ఊళ్ళల్లో విరాటపర్వం చదివించినప్పుడు ఆదిపర్వం విన్నారా అని ఎవరూ అడగలేదు.

కలకత్తా రచయిత్రి ఆశాపూర్ణాదేవి మూడు నవలల్లో ఈ సంగతి మరింత లోతుగా కనిపిస్తుంది. మూడు తరాల స్త్రీల కథ అది: సత్యవతి, కూతురు సువర్ణలత, మనవరాలు బకుల్. మొదటిదైన 'ప్రథమ ప్రతిశ్రుతి' (1964) ఆమెకి 1976 జ్ఞానపీఠాన్ని తెచ్చింది, ఆ బహుమతి అందుకున్న తొలి స్త్రీ ఆమే. ఆ నవల మొదట్లోనే ఇది బకుల్ నోటుపుస్తకంలోంచి తీసుకున్న కథ అని రచయిత్రి చెప్పేస్తుంది. మూడో పుస్తకం మనిషి చేతిరాతలోంచే మొదటి పుస్తకం పుట్టిందన్నమాట. రెండోదైన 'సువర్ణలత' (1967)లో ఆ ఇల్లాలు కొత్తగా కడుతున్న ఇంటికి వీధివైపు వసారా ఒకటి ఉండాలని భర్తని కోరుతుంది. ఉంటుందని నమ్మించి, తీరా ఇల్లు చేరాక లేదని తేలుస్తారు. తొమ్మిదేళ్ళకే తనకి తెలియకుండా కూతురి పెళ్ళి చేసేశారని సత్యవతి సంసారం విడిచి వెళ్ళిపోయిన సంగతి చదివి వచ్చినవాళ్ళకి, ఆ కూతురు ఒక్క వసారా కోసం ఇంతగా ఎందుకు కొట్టుకుంటుందో వెంటనే తెలుస్తుంది. చదవనివాళ్ళు తల్లిని గురించి అత్తింటి దెప్పిపొడుపుల్లోనే వింటారు. సువర్ణ తన తల్లి పేరు ఎక్కువగా విన్నదీ ఆ దెప్పిపొడుపుల్లోనే. గాలి కోసం, రోడ్డు మీద నాలుగు ముఖాలు చూడడం కోసం ఒక ఆడది వసారా అడిగిందన్నది ఇద్దరికీ ఒకేలా అందుతుంది. ఆ తల్లి ఎవరో తెలుసుకోవాలనిపించినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే 1964 నాటి పుస్తకం తెరుస్తారు.